పర్లేదన్న రోజులు

“ఎడమ నుంచి మూడో ఆవిడ పేరు రాయక్కర్లేదండి. అసలా ఫోటోయే వద్దు. హరిబాబు దగ్గర ఇంకోటి ఉంటుంది, అందరం నిలబడి తీయించుకున్నది. అది వేద్దాం. ఇందులో నా చొక్కా కూడా బాలేదు చూడండి, జేబు మీద సిరా మరక.”

గోపాలకృష్ణమూర్తిగారు చొక్కా సంగతి ఎత్తారంటే ఇంకేదో దాస్తున్నారని వాళ్ళావిడ హైమవతిగారైతే ఇట్టే పట్టేసేవారు. లోవరాజు ఆ ఇంటికి రావడం అదే మూడోసారి. రాజమండ్రి దానవాయిపేటలో డీటీపీ సెంటరు అతనిది. పదో తరగతితో చదువు ఆపేసి, శుభలేఖలు కంపోజు చేస్తూ చేస్తూ, సన్మాన సంచికల్లో వేసే జీవిత విశేషాలు తనే రాసిపెట్టడం అలవాటు చేసుకున్నాడు. ఇంకో పది రోజుల్లో, అంటే 2007 ఆగస్టు ఆఖర్న, మూర్తిగారికి సన్మానం. పని చూసుకుంటున్నది ఆయన మొదటి శిష్యుడు హరిబాబు.

“ఫోటోలో మీరు కాక ఆరుగురున్నారండి,” అన్నాడు లోవరాజు. “హరిబాబు గారు రాసిచ్చిన పేర్లు అయిదే. అందుకని అడిగానండి.”

“అయిదే చాలండి.”

లోవరాజు ఫోటో తీసి ఫైలు కింద పెట్టేశాడు. మళ్ళీ అడగలేదు. అతనిలో ఉన్న చిక్కే అది. అడిగి ఊరుకుంటాడు, ఊరుకుని కూర్చుంటాడు. ఎదుటివాళ్ళకి ఆ ఊరుకోవడమే ఉక్కపోత పెడుతుంది.

హైమవతిగారు లోపల్నుంచి రెండు గ్లాసులతో కాఫీ తెచ్చారు. “తీసుకోండి లోవరాజు గారూ.”

“పర్లేదండి.”

“పర్లేదేంటి, చల్లారిపోతుంది,” అని గ్లాసు అతని చేతిలో పెట్టేసి ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

మూర్తిగారు తన గ్లాసు ముట్టుకోలేదు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

“ఇప్పుడు మీరేమన్నారు?”

“నేనాండి? పర్లేదన్నానండి.”

“అంటే కావాలనా, వద్దనా?”

లోవరాజు నవ్వాడు. “వద్దనేనండి. మేడం గారు ఇంకోసారి అడిగితే తీసుకుందామని కూడా ఉందండి లోపల.”

“ఆవిడ అడగలేదు. చేతిలో పెట్టేసింది. ఆవిడకి తెలుసు కాబట్టి.” మూర్తిగారు కళ్ళజోడు పెట్టుకోకుండానే కిటికీ వైపు చూస్తూ అన్నారు. “ఆ మూడో అమ్మాయికి తెలీదండి. పావని పేరు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో చెయ్యంటే ఆవిడదే చెయ్యి. ఆవిడ బతుకు నేను పాడుచేశాను.”

లోవరాజు పెన్నుకి మూత పెట్టేశాడు.

*

మూర్తిగారిది కోనసీమలో ముక్కామల. తండ్రిగారు స్మార్తం చెప్పేవారు. ఆ ఇంట్లో లేదు అన్న మాట వినపడేది కాదు. బియ్యం అయిపోయాయంటే తప్పు, నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోయిందంటే తప్పు, కొండెక్కిందనాలి. వాకిట్లోకి వచ్చినవాళ్ళకి పెట్టడానికేమీ లేకపోతే, “ఇంకోసారి రండి” అనేవారు వాళ్ళమ్మగారు. ఆ వచ్చినవాళ్ళూ అక్కడి వాళ్ళే కాబట్టి అర్థం చేసుకుని వెళ్ళేవాళ్ళు. అలా పెరిగిన మనిషి విశాఖపట్నంలో చదివి, హైదరాబాదు లాబుల్లో ఇరవై ఏళ్ళు గుండె కండరం మీద పనిచేసి, 1995లో రాజమండ్రి వచ్చారు. ఊరి బయట ఒక గుండె ఆసుపత్రి ట్రస్టువాళ్ళు చిన్న పరిశోధనా కేంద్రం పెట్టి, మీరొచ్చి పిల్లలకి పని నేర్పాలన్నారు.

పిల్లలంటే చిన్నపిల్లలు కాదు. పీహెచ్‌డీ పట్టా పుచ్చుకుని, ఇంకా చెయ్యి కుదరక, రెండు మూడేళ్ళు ఒకరి దగ్గర కూర్చుని పని నేర్చుకుందామని వచ్చేవాళ్ళు. కాగితాల మీద రిసెర్చ్ అసోసియేట్లు. హైమవతిగారు మాత్రం ‘పెద్దపిల్లలు’ అనేవారు. “మీ పెద్దపిల్లలు ఇవాళైనా అన్నం తిన్నారా?” అని అడిగేవారు.

ఆ పని ఎలాంటిదో లోవరాజుకి చెప్పేటప్పుడు మూర్తిగారి చేతులు వాటంతటవే కదిలాయి. పనంతా ఎలక గుండెల మీదే అయినా, మొదటి నెల ఎలక జోలికే పోనిచ్చేవారు కాదు. తడిపిన రబ్బరు గొట్టానికి నరసాపురం లేసు దారంతో ముడి వెయ్యడమే పని. రోజుకి వంద ముడులు. ఎందుకంటే, మత్తిచ్చిన ఎలక గుండెని తీశాక నిమిషం కూడా టైముండదు. గుండెలోంచి బయటికొచ్చే పెద్ద రక్తనాళాన్ని సన్నటి గాజు గొట్టానికి ఎక్కించి, ముడి వేసి, వేలాడదీయాలి. పైనుంచి గోరువెచ్చటి ద్రావణం వదలాలి. ఒక్క గాలి బుడగ లోపలికి పోయినా ఆ పూట పని అంతే.

“ఆ వేలాడేది కొట్టుకుంటుందాండి?”

“కొట్టుకుంటుంది. ఒళ్ళు లేకుండా, తన మానాన తను. మొదటిసారి చూసిన ప్రతివాళ్ళూ ఓ నిమిషం మాట్లాడరు. హరిబాబైతే దణ్ణం పెట్టాడు.”

తరవాత కండరాన్ని కరిగించే మందు కలిపి వదులుతారు. ఇరవై నిమిషాల్లో గుండె ముగ్గిన సపోటాలా మెత్తబడుతుంది. దాన్ని విడదీసి, జాలీలో వడకట్టి, చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే కనపడతాయి, ఒక్కొక్కటీ విడివిడిగా, గుండె కండరపు కణాలు. బాగున్నవి కొత్త ఇటుకల్లా పొడుగ్గా, అడ్డచారలతో, కదలకుండా పడుకుని ఉంటాయి. దెబ్బతిన్నవి ఉండ చుట్టుకుపోతాయి.

“కొట్టుకుంటుంటే కదండీ బతికున్నట్టు?” అన్నాడు లోవరాజు.

“అందరూ అలాగే అనుకుంటారు. విడిగా తీసిన కణం ఊరికే కొట్టుకుంటోందంటే దానికి ఒంట్లో బాలేదన్నమాట. మంచిది నిమ్మళంగా ఉంటుంది. మనం చిన్న కరెంటు తగిలిస్తే ముడుచుకుంటుంది, విప్పారుతుంది. ఎంత ముడుచుకుంది, ఎంతసేపట్లో విప్పారింది, అదే మా పరిశోధనంతా. అందుకని పొద్దున్నే కణాలు తీయగానే మంచివో కావో తేల్చుకోవాలి. పాడైనవి పెట్టుకుని కొలిస్తే, కొలిచిందంతా అబద్ధం.”

ఆ తేల్చే పని మూర్తిగారిది. ఎవరు కణాలు తీసినా మైక్రోస్కోపు దగ్గరికి ఆయన్ని పిలిచేవాళ్ళు. ఆయన ఓ కన్ను మూసి చూసి, ఒక మాట చెప్పేవారు. ఆ మాట వాళ్ళు నోట్‌బుక్కులో రాసుకోవాలి, ఆయన కింద పొట్టి సంతకం చెయ్యాలి. “బావుందండి” అంటే బావున్నట్టు. “ఊఁ, కానివ్వండి” అంటే వాడుకోవచ్చని. “పర్లేదండి” అంటే పారబొయ్యమని.

ఆ మూడోది అలా ఎందుకు అనేవారంటే, పొద్దున్న ఆరింటికి వచ్చి నాలుగు గంటలు నిలబడి చేసిన మనిషి మొహం మీద ‘చచ్చాయి, పారబొయ్యండి’ అని ఆయన నోటితో ఎలా అంటారు? హరిబాబు పాలకొల్లు మనిషి. సారు ‘పర్లే’ అనేటప్పటికే చెయ్యి సింకు వైపు వెళ్ళిపోయేది. తక్కినవాళ్ళు హరిబాబుని చూసి నేర్చుకున్నారు. ఎలకల గది చూసే వీరబ్రహ్మానికి కూడా అది పట్టుబడింది. ఎలక చచ్చిపోతే చేతులు కట్టుకుని వచ్చి, “నాలుగో బోను నిండుకుందండి” అనేవాడు. అది తనని వెక్కిరించడమని తెలిసినా మూర్తిగారు “అలాగేనండి వీరబ్రహ్మం గారూ” అనేవారు.

పావని 1999 మొదట్లో వచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి గార్డు, తల్లిది పలాస వైపు. చదువంతా అక్కడే. అప్పటికి హరిబాబు లాబులో పని ముగించుకుని బెంగళూరు వెళ్ళిపోయాడు. పావనికి ఇంట్లో మాట్లాడుకునే తెలుగు బానే వచ్చు. మాటలు వచ్చుగాని, ఈ పక్కన ఆ మాటల్ని ఎందుకు వాడతారో రాదు. చేరిన రోజునే వీరబ్రహ్మం దగ్గరికెళ్ళి, “ఏవైనా చచ్చాయా?” అని అడిగింది. అతను రెండు చెవులూ మూసుకుని, “అలా అనకూడదమ్మా, నిండుకున్నాయా అనాలి” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. నవ్వి ఊరుకోలేదు, నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి తలుపు తోసినా ‘రావచ్చాండి’, పెన్ను అడిగినా ‘ఏమనుకోకపోతే’. “ఇంకొన్నాళ్ళుంటే ఎలకల్ని కూడా అండీ అంటారండి ఈవిడ,” అనేవాడు వీరబ్రహ్మం.

“ఆ అమ్మాయి చెయ్యి ఎలాంటిదంటే,” అని ఆగారు మూర్తిగారు. “నలభై సెకన్లలో ముడి వేసేదండి. నాకే యాభై పట్టేది.”

పావనికిచ్చిన పని షుగరు తెప్పించిన ఎలకల గుండెల మీద. షుగరు ఉంటే గుండె కణం ముడుచుకునే తీరు మారుతుందా అని చూడాలి. షుగరు ఎలక గుండె మొండిది, ఎంత మంచి చేతికైనా సరిగా విడిరాదు. మొదటిసారి అలాంటి గుండె తీసిన రోజున కణాల్లో సగం పైన ఉండ చుట్టుకుపోయాయి. పావని పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. కోటు ముందంతా తడిసి ఉంది. కళ్ళు మాత్రం ఆయన నోటి వంకే చూస్తున్నాయి.

“పర్లేదమ్మా,” అన్నారు మూర్తిగారు.

ఆ పిల్ల మొహం వెలిగింది. అది కూడా ఆయన చూశారు. తిట్టనందుకు సంతోషించిందేమో అనుకున్నారు. పావని నోట్‌బుక్కులో ఇంగ్లీషు పీ అక్షరం రాసింది. ఆయన కింద సంతకం పెట్టారు. పీ అంటే పూర్ అనుకున్నారు. బాలేదని రాసుకుందన్నమాట, తెలివైన పిల్ల అనుకున్నారు. ఆ పిల్ల రాసుకున్నది పర్లేదు అని. ఖరగ్‌పూర్‌లో వాళ్ళమ్మ పర్లేదంటే ఫరవాలేదనే, కానివ్వమనే.

ఏడాదిన్నర. నలభై ఒక్క గుండెలు. అందులో పదిహేడు చోట్ల పీ. ఆ పదిహేడులో పధ్నాలుగు షుగరు ఎలకలవి. ప్రతి పేజీ కిందా మూర్తిగారి సంతకం.

*

“పేపరు అచ్చయిందండి. పై దేశం పత్రికలో. షుగరు ఎలక గుండె కణం సగమే ముడుచుకుంటుందని. మా కేంద్రం నుంచి అంత పేరున్న పత్రికలో రావడం అదే మొదలు. డైరెక్టరు చంద్రరావు గారు స్వీట్లు పంచారు. మూడు నెలలకి ఇంకో లాబువాళ్ళు రాశారు, మేం చేస్తే అలా రావట్లేదు, మీ రోజువారీ ఫోటోలు పంపండని.”

ఫోటోలు తీసి బల్ల మీద పరిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. పీ రాసిన రోజులన్నీ ఉండలే. షుగరు వల్ల కణాలు ముడుచుకోకపోవడం కాదు. చావగా మిగిలినవాటిని కొలిచారు.

2001 మార్చిలో చంద్రరావు గారు తన గదిలోకి పిలిచారు. ముగ్గురే ఉన్నారు, ఆయన, మూర్తిగారు, పావని. బల్ల మీద నోట్‌బుక్కు తెరిచి ఉంది.

“ఈ పీ ఏంటమ్మా?”

“పర్లేదండి,” అంది పావని. “సార్ చూసి పర్లేదన్న రోజులండి అవి.”

మూర్తిగారికి అప్పుడు తెలిసింది. అన్నాళ్ళూ ఏం జరిగిందో ఆ ఒక్క క్షణంలో మొత్తం కనపడింది.

చంద్రరావు గారు ఆయన వైపు తిరిగారు. “మీరు పర్లేదంటే వాడమనా మూర్తిగారూ, పారబొయ్యమనా?”

“పారబొయ్యమనే అండి. మనవాళ్ళందరికీ తెలుసండి అది.”

“ఈ అమ్మాయికి చెప్పారా?”

ఇక్కడికొచ్చాక మూర్తిగారు ఆగిపోయారు. లోవరాజు గ్లాసు నేల మీద చప్పుడు కాకుండా పెట్టాడు. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ వచ్చి, వాళ్ళ గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

“చెప్పానండి అన్నాను. ఒకటి రెండుసార్లు విడమర్చి కూడా చెప్పానండి అన్నాను.” ఆయన గొంతు తగ్గిపోయింది. “అడగని మాట కూడా నేనే కలిపాను చూశారా. ఆ నెలలోనే నా ఉద్యోగం పొడిగించే కాగితం ట్రస్టువాళ్ళ నుంచి రావాల్సి ఉంది. కాని అందుకే అన్నానా అంటే, అదీ కాదండి. ఆ నిమిషంలో తప్పు నాది కాకుండా పోతే చాలనిపించింది. అంతే.”

“ఆవిడ ఏమన్నారండి?”

“అదేనండి. లేదు, చెప్పలేదు అనొచ్చు కదా? అరవొచ్చు, ఏడవొచ్చు. ప్రతి పేజీ కిందా నా సంతకం ఉంది, అది చూపించొచ్చు. నా మొహం వంక చూసింది ఒక్కసారి. చూసి, ‘సార్ చెప్పే ఉంటారండి. నాకే గుర్తు లేదు’ అంది.”

లోవరాజు తల వంచుకున్నాడు.

“వచ్చినప్పటి పిల్లయితే అనేదండి, మీరు చెప్పలేదు సార్ అని మొహం మీదే అనేది. పెద్దవాళ్ళ మాట పదిమందిలో కాదనకూడదని ఆ రెండేళ్ళలో నేర్పాం. నేనూ, ఈ ఊరూ కలిసి నేర్పాం. ఆ మర్యాద మొట్టమొదట నా దగ్గరే వాడింది.”

పేపరు వెనక్కి తీసుకున్నారు. కణాలను వేరుచేయడంలో శిక్షణలో ఉన్న వ్యక్తి పొరపాటు వల్ల అని ఒక వాక్యం అచ్చయింది. ఆ వాక్యం మూర్తిగారే దిద్దారు. పావనికి మూడో ఏడాది ఇవ్వలేదు. వెళ్ళే రోజున బల్ల తుడిచి, గాజు గొట్టాలన్నీ కడిగి ఆరబెట్టి, ఆయన గది గుమ్మంలో నిలబడి ‘వెళ్ళొస్తానండి’ అంది. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా ‘మంచిదమ్మా’ అన్నారు.

“ఢిల్లీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిందన్నారు మీరు.”

ఆ మాట గుమ్మంలోంచి వచ్చింది. హైమవతిగారు ఎప్పుడొచ్చారో, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు.

మూర్తిగారు ఇటు తిరగలేదు. “నీతో అలా అన్నాను.”

“వినాయక చవితికి మనింట్లో ఉండ్రాళ్ళు చేసిందండీ ఆ పిల్ల. ఢిల్లీ వెళ్ళి ఉత్తరం ముక్కైనా రాయలేదేంటని నేను ఆ పిల్లని తిట్టుకున్నాను. ఆరేళ్ళు తిట్టుకున్నాను.” ఆవిడ వచ్చి, ఆయన ముట్టుకోని కాఫీ గ్లాసు తీసుకున్నారు. వెళ్ళబోతూ ఆగారు. “నేను వండిన కూర ఎలా ఉందంటే ముప్పై తొమ్మిదేళ్ళుగా పర్లేదనే చెప్తున్నారు. అంటే పారబొయ్యమనా?”

ఇంకొకప్పుడైతే అది నవ్వుకునే మాట. లోవరాజు ఫైలు తాడు విప్పి మళ్ళీ కట్టాడు.

ఆవిడ లోపలికి వెళ్ళాక లోవరాజు అడిగాడు. “ఇప్పుడు ఎక్కడున్నారండి ఆవిడ?”

“తణుకు. ఖరగ్‌పూర్ వెళ్ళడానికి మొహం చెల్లక అక్కడే ఓ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడానికి చేరిందట. వీరబ్రహ్మం రిటైరయ్యాక తణుకులో కూతురి దగ్గర ఉంటున్నాడు. అతని మనవరాలు ఆవిడ క్లాసే. ‘తప్పయితే తప్పని మొహం మీదే కొట్టినట్టు చెప్తారటండి, పిల్లలు ఏడుస్తారుగాని పరీక్ష ఎవరూ తప్పట్లేదటండి’ అని ఫోను చేసి మరీ చెప్పాడు. నాకు చురక పెట్టడానికే చేశాడు. పెట్టాలి కూడా.”

“మీరెప్పుడైనా వెళ్ళారాండి?”

“ఒకసారి. మూడేళ్ళ కిందట. పెళ్ళికని ఇంట్లో చెప్పి బస్సెక్కాను. కాలేజీ గేటు దాకా వెళ్ళాను. లోపల చెట్టు కింద పిల్లలతో మాట్లాడుతోంది, చేతిలో సుద్దముక్క ఉంది. కాస్త లావయింది. మూడు చెరుకు లారీలు వరసగా వచ్చి గేటుకి అడ్డం ఆగాయండి, ఇరవై నిమిషాలు కదల్లేదు. అవి కదిలేలోపు నేను బస్టాండుకి వచ్చేశాను. లారీలు అడ్డం వచ్చాయి కాబట్టే వెళ్ళలేకపోయానని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.”

*

లోవరాజు తెచ్చిన చిత్తుప్రతి ఒళ్ళో ఉంది. మూర్తిగారు చెయ్యి చాపారు. మూడో పేజీ తీసి, ఓ చోట వేలు పెట్టి పైకి చదివారు.

“‘శిష్యుల పట్ల ఎంత మృదువుగా ఉండేవారో, పని పట్ల అంత నిక్కచ్చిగా ఉండేవారు. నూటికి డెబ్భై కణాలు నిలిస్తేనే వాడాలి, లేకుంటే పారబోయాలి అన్న మూర్తిగారి నియమం నేటికీ ఆ లాబు గోడ మీద ఉంది.’ ఎవరు చెప్పారు మీకిది?”

“హరిబాబు గారండి. మీ గొప్పతనమంతా అందులోనే ఉందన్నారు.”

“ఆ కాగితం నేను గోడకి అంటించింది 2001 ఏప్రిల్‌లో. ఆవిడ వెళ్ళిన వారానికి. ఆ తరవాత వచ్చిన పెద్దపిల్లలకెవరికీ నా మాటతో పని లేకుండా పోయింది, అంకె చూసి తేల్చుకున్నారు. ఎనిమిదిమంది బాగుపడ్డారు దానివల్ల. ఆ అంకె మొదటి రోజునే ఎందుకు పెట్టలేదంటే, నేను మంచివాణ్ణని అనిపించుకోవడానికి. దానికి నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతారు. ఎలా కప్పించుకోనండి?”

లోవరాజు ఆలోచించాడు. “సన్మానం వద్దని చెప్పేస్తారాండి?”

“వద్దంటే ఎందుకంటారు. ఒంట్లో బాలేదంటాను. అదింకో అబద్ధం.” మూర్తిగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. “రాయండి. ఆ పేరా కొట్టేసి, అక్కడ ఇప్పుడు నేను చెప్పింది రాయండి. నోట్‌బుక్కు సంగతి, పీ సంగతి, చంద్రరావు గారి గదిలో జరిగింది. రాసి చదవండి.”

లోవరాజు రాశాడు. కాస్త టైము పట్టింది. కొట్టేసి మళ్ళీ రాశాడు. మూర్తిగారు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష రాసిన కుర్రాడిలా కూర్చున్నారు.

“‘పావని గారి పరిశోధన సమయంలో ఒక మాట విషయమై గురుశిష్యుల మధ్య కొంత అపార్థం చోటుచేసుకుంది. దానివల్ల ఆమె కేంద్రాన్ని వీడవలసి రావడం మూర్తిగారిని నేటికీ బాధించే విషయం.’” లోవరాజు తలెత్తాడు. “ఇలా ఉంటే బావుంటుందేమోనండి. హరిబాబు గారు కూడా కాదనరు.”

మూర్తిగారు అతని వంక చూస్తూ ఉండిపోయారు. ఆ చూపులో కోపం లేదు. అద్దంలో చూసుకుంటున్నట్టుంది.

“అపార్థం ఎంతవరకు లోవరాజు గారూ? ఆ గదిలోకి వెళ్ళేదాకా. గదిలో జరిగింది అపార్థం కాదు. చోటుచేసుకోలేదు కూడా, నేను చేశాను. ‘చెప్పలేదు. చెప్పానని అబద్ధమాడారు.’ అలా రాయండి.”

లోవరాజు పెన్ను కాగితం మీద ఆనించాడు గాని కదపలేదు. “పెద్దవారు… అచ్చులో మీ గురించి అబద్ధమని రాయడానికి చెయ్యి రావట్లేదండి.”

“నాకు నోరు రాలేదు, మీకు చెయ్యి రావట్లేదు. ఆవిడకి మాత్రం మూడో ఏడాది రాలేదు.”

“రాయండి బాబూ,” అన్నారు లోపల్నుంచి హైమవతిగారు.

లోవరాజు రాశాడు. ‘పావని గారికి ఆ మాట అర్థం మూర్తిగారు చెప్పలేదు. చెప్పానని డైరెక్టరు గారి ముందు అబద్ధమాడారు. పొరపాటు ఆమెది కాదు.’ మూడు వాక్యాలు. పైకి చదివాడు. చదువుతున్నప్పుడు ‘అబద్ధం’ దగ్గర గొంతు తగ్గింది. మూర్తిగారు ఆ వాక్యం ఇంకోసారి చదవమన్నారు. చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అరవై ఆరేళ్ళ మనిషి కొంగు చాటు పిల్లాడిలా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, నేల మీద గ్లాసు చేసిన తడి గుండ్రాన్ని కాలి వేలితో చెరిపారు.

“ఇంగ్లీషులో కూడా కావాలి. ఆ పత్రికవాళ్ళకి పంపాలి. అది నేను రాసుకుంటాను, మీరు టైపు చేసిపెట్టండి చాలు.”

“అలాగేనండి.”

లోవరాజు కాగితాలు ఫైల్లో పెట్టి లేచాడు. మూర్తిగారు కూడా లేచి, అతనితో గేటు దాకా వచ్చారు. మధ్యాహ్నం పడిన వాన నీళ్ళు ఇంకా వాకిట్లో నిలిచి ఉన్నాయి. లోవరాజు సైకిలు తీస్తుంటే ఆయన హ్యాండిలు మీద చెయ్యి వేశారు.

“ఇది అచ్చుకి వెళ్ళకూడదు. ముందు ఆవిడ చూడాలి. ఆవిడ పేరు నేను ఒకసారి పాడుచేశాను, ఇప్పుడు బాగుచేస్తానని చెప్పి ఆవిణ్ణి అడక్కుండా మళ్ళీ పదిమందిలో పెట్టకూడదు కదా. రేపు మీకు పనేమైనా ఉందా?”

“రెండు శుభలేఖలున్నాయండి. మా ఆవిడ చూసుకుంటుంది. వెళ్తానండి.”

“కాలేజీ నాలుగింటికి వదుల్తారు. నేను పంపానని ముందే చెప్పండి, దాచొద్దు. కాగితం చేతికిచ్చి చదువుకోనివ్వండి. నేను క్షమించమన్నానని మాత్రం అనకండి. ఆ మాట వింటే ఆవిడ నా మీద మర్యాదకి సరేనంటుంది. వెయ్యమంటే వేద్దాం, వద్దంటే మానేద్దాం. మార్చమంటే ఆవిడ చెప్పినట్టే మార్చండి, ఎంత కటువుగా ఉన్నా సరే, మీరు మెత్తబరచకండి.” ఆయన హ్యాండిలు వదల్లేదు. “ఇంకొక్కటి. అడగ్గానే ఏదో ఒకటి అనేస్తుంది. అది రాసుకోకండి. మీకు ఊరుకుని కూర్చోవడం వచ్చు కదా, కాసేపు అలా కూర్చోండి. ఆ తరవాత ఏం చెప్తుందో, అది రాసుకు రండి.”